బోణీ సున్నా

త్రినాథ్ నా ముక్కు పగలగొట్టిన రోజే మా మిషన్ పాసయింది.

వేళాకోళం కాదు. ఆ రోజు రిజిస్టరులో డాక్టర్ విశ్వంభరరావు గారు తన చేత్తోనే రాశారు: ‘చికిత్స ఫలించింది. సిబ్బందిలో ఒకరికి స్వల్ప గాయం.’ ఆ స్వల్ప గాయం నాదే. పేరు నీలవేణి. విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండ మీద, మనుషుల బుర్రలను కొలిచే ఒక పరిశోధనశాలలో పద్దెనిమిదేళ్లుగా టెక్నికల్ ఆఫీసర్ని. పేపర్లు సైంటిస్టులు రాస్తారు. మిషన్ ఆగిపోతే తిట్లు నేను తింటాను.

త్రినాథ్ ఒక రొయ్యల ఫ్యాక్టరీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. రొయ్యలు ఒలిచే మంగవేణి అనే అమ్మాయిని ఏదో ఒక వంకన కోల్డ్ స్టోరేజీలోకి పిలిచి తలుపు వేసేవాడు. ఆమె ఫిర్యాదు చేసింది. ఫ్యాక్టరీ వాళ్లు అతన్ని ఉద్యోగం నుంచి తీసెయ్యకుండా మా దగ్గరికి పంపారు. అలా మాకు మొత్తం నలభై ఇద్దరు వచ్చారు. బ్యాంకు మేనేజరు, కాలేజీ లెక్చరర్, సర్జన్, తాపీమేస్త్రి. తోటి ఉద్యోగిని మీద చెయ్యెందుకు వేశావయ్యా అంటే అందరిదీ ఒకటే జవాబు. నవ్వుతూ మాట్లాడింది, ఇష్టమే అనుకున్నాను.

ఆ ‘అనుకున్నాను’ అన్న మాట నిజమో కాదో తేల్చడానికే విశ్వంభరరావు సార్ ఈ మిషన్నీ, దానికి తగిలించే టోపీలనూ కనిపెట్టారు.

టోపీ పెట్టుకుంటే తెర మీద రెండు గీతలు నడుస్తాయి. ఎర్రది ఆ మనిషి సొంత భయం. నీలిది, ఎదురుగా ఉన్న మనిషి ఎంత భయపడుతున్నట్టు అతని మెదడు గ్రహిస్తోందో అది. నోటితో ఏం చెప్పినా నీలిగీతకు పట్టదు. అద్దానికి ఇటు మగవాణ్ని, అటు ఫిర్యాదు చేసిన ఆమెను కూర్చోబెట్టేవాళ్లం. వాళ్లను మళ్లీ ఎదురెదురుగా కూర్చోబెట్టాం అని రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు. ఆమె ఎర్రగీత, అతని నీలిగీత ఒకదాని మీద ఒకటి పడితే తెలిసే చేశాడని అర్థం. విడిపోతే, పాపం, తెలియదని.

నలభై రెండూ విడిపోయాయి. ఎర్రగీత నెత్తికెక్కి ఊగుతుంటే నీలిగీత అడుగున పడుకుని ఉంది.

“చూశావా నీలవేణీ! వీళ్లు దుర్మార్గులు కారు. వీళ్లకు కనబడట్లేదు, అంతే” అన్నారు సార్. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. నేనూ నమ్మాను. కనబడకపోతే కనబడేలా చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాం. చికిత్స అదే. ఆమె భయాన్ని తీగల గుండా అతని టోపీలోకి పంపడం. పది నిమిషాలు ఆ భయాన్ని అతను తన ఒంట్లో మొయ్యాలి.

త్రినాథ్ ఆరో నిమిషం దాకా మోశాడు. ముందు చేతుల మీద రోమాలు లేచాయి. తర్వాత ప్యాంటు తడిసింది. ఏడో నిమిషంలో టోపీ పీకి పారేసి, ఆపడానికి వెళ్లిన నా ముక్కు మీద గుద్దాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు చెవుల్లో వినిపించింది. కుర్చీ ఎత్తి అద్దం బద్దలు కొట్టాడు. అటువైపు మంగవేణి జుట్టు నిండా గాజుముక్కలు. ఆ పిల్ల కిందకు జారి, రెండు చేతులూ తల మీద పెట్టుకుని ముడుచుకుపోయింది. త్రినాథ్ బల్లకేసి తన నుదురు తనే కొట్టుకుంటూ, “సాలు బాబో, సాలు, తెలిసింది, నాకు తెలిసింది!” అని అరిచాడు. ఇద్దరు సెక్యూరిటీ వాళ్లు మీద కూర్చుంటే గానీ ఆగలేదు.

“పశ్చాత్తాపం అంటే ఇదీ” అన్నారు సార్, తెర వంక మురిపెంగా చూస్తూ.

సర్టిఫికెట్ మీద సార్ సంతకం, కింద నా సంతకం. ముక్కులో దూది కుక్కుకుని పెట్టాను. ‘ఇతనికి ఉన్న అపార్థం తొలగింది. తిరిగి అదే విధుల్లో చేర్చుకోవచ్చు.’ మొదటి సర్టిఫికెట్ అది. మిగతా నలభై ఒక్కరికీ చికిత్స ముగిశాక అందరివీ ఒకేసారి ఇవ్వాలని సార్ ముహూర్తం పెట్టారు, వచ్చే నెల మొదటి సోమవారం.

త్రినాథ్ డ్యూటీలో చేరిన పదిహేడో రోజున మంగవేణిని కోల్డ్ స్టోరేజీలోకి ఈడ్చుకెళ్లాడు.

*

పెద్దాసుపత్రిలో ఆమె మంచం కిటికీ పక్కన ఉంది. కుడిచేతికి కట్టు. మూడు వేళ్లు లేవు. తలుపు సందులో ఆ చెయ్యి పెట్టి ఇనుప తలుపును తన్నాడట, ఒకసారి కాదు. మెడ కింద రొయ్యలు ఒలిచే చాకుతో గీసిన గీత, కుట్లు వేశారు. నన్ను చూసి ఆమె ముఖం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు. అలాగే చూసింది, అది ఇంకా కష్టంగా ఉంది.

“తెలీకే చేశాడనుకున్నాం మంగా” అన్నాను. అనకుండా ఉండాల్సింది.

“తెలీకేటమ్మా? నానెప్పుడు బయపడతానో, ఎంత బయపడతానో ఆడికి ముందునుంచీ తెలుసు. బయపడితేనే దగ్గిరికొచ్చీవోడు. తలెత్తి గట్టిగా మాటాడే పార్వతమ్మ జోలికి ఒక్కనాడూ ఎల్లలేదు.” మాట్లాడుతుంటే మెడ కుట్లు లాగినట్టున్నాయి, కాసేపు కళ్లు మూసుకుంది. “ఇదివరకు అందాజుగా తెలిసీది. ఇప్పుడు మీరు కొలిసి మరీ ఆడి ఒంట్లో పెట్టీసినారు. తలుపేసినాక నా సెవిలో ఏటన్నాడో తెలుసా అమ్మా? ‘ఆ రోజంత బయం ఇంకా రానేదే, ఇంకొంచెం రావాలి’ అన్నాడు.”

నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నా సంతకం ఉన్న కాగితం చూపించే వాడు ఆ తలుపు లోపలికి తిరిగి వెళ్లాడు. ఇంకో నలభై ఒక్క కాగితాలు సంతకానికి సిద్ధంగా ఉన్నాయి, నలభై ఒక్క ఆఫీసుల్లో నలభై ఒక్క మంది ఆడవాళ్లు ఉన్నారు. సోమవారానికి మూడు రోజులుంది.

సార్‌కి ఫోన్ చేశాను. “నలభై రెండింట్లో ఒకటి పోయింది. వైద్యంలో ఇది చాలా మంచి ఫలితం నీలవేణీ. నువ్వు బెంగ పెట్టుకోకు” అన్నారు అదే మెత్తటి గొంతుతో.

*

మా ఆయన కామేశం ఒక ప్రైవేటు బస్సుల షెడ్డులో హెడ్ మెకానిక్. పెళ్లయిన కొత్తలో నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ‘బుర్రలకి ఓవరాలింగ్’ అని చెప్పేవాడు. ఆ సాయంత్రం పెరట్లో కూర్చుని చేపలు తోముతున్నాడు. పక్కన పీట మీద కూర్చుని జరిగిందంతా చెప్పాను. ముక్కు దిబ్బడతో నా గొంతు నాకే వేరేవాళ్లదిలా ఉంది. మంగవేణి మాట చెప్పి, అయినా మిషన్ అబద్ధం చెప్పదు కదా, నీలిగీత అడుగునే ఉంది, అంటే వాళ్లకు నిజంగానే తెలియలేదు కదా అన్నాను.

కామేశం కత్తి పక్కన పెట్టాడు.

“నాకో సంగతి సెప్పు. మా షెడ్డులో ఊడ్సే మనిషి మీద చెయ్యేసినోళ్లున్నారు. టిక్కెట్లు రాసే పిల్లని ఏడిపించినోళ్లున్నారు. అడిగితే నవ్వింది, అందుకే అంటారు. మరి మా ఓనరమ్మ వారానికోసారొస్తాది. అందరితోటీ నవ్వుతాది, భుజం తట్టి మాటాడతాది. ఆవిడ నవ్వుని ఒక్కడూ తప్పుగా అనుకోలేదే? ఆవిడొచ్చినపుడు మాత్రం అందరికీ కళ్లు బాగా కనపడతాయేటి?”

ఇరవై ఆరు కోట్లు పెట్టి కట్టిన మిషన్‌కి తట్టని మాట అది. నాకు కోపం వచ్చింది. కామేశం మీద కాదు. నాకు వెంటనే సింధూర గుర్తొచ్చింది, అందుకు.

సింధూర మా ల్యాబులో పరిశోధన విద్యార్థిని. బొబ్బిలి పిల్ల. నన్ను అక్కా అని పిలిచేది. కిందటి దసరాకు మాతోనే ఉంది. మా ల్యాబులో ఆయుధపూజ తప్పనిసరి. సైన్సు చదివిన వాళ్లం కదా అని మొహమాటపడం, జర్మనీ నుంచి వచ్చిన మైక్రోస్కోపుకూ కుంకుమ బొట్టు పెడతాం. గుమ్మంలో గుమ్మడికాయ, హాల్లో నల్లరాయి మీద కొబ్బరికాయ. ఆ ఏడాది వచ్చిన కొత్త మిషన్‌కి సార్ చేతి మీదుగా బోణీ జరగాలి. ఆ దసరాకు కొత్తవి ఈ టోపీలే.

ఏ కొలత మిషన్‌కైనా మొదట సున్నా పెట్టాలి. పద్ధతి ప్రకారం ముక్కూమొహం తెలియని ముప్పైమందిని కూర్చోబెట్టి, వాళ్ల సగటును సున్నా అనుకోవాలి. ఆడవాళ్ల టోపీకి అలాగే చేశాం, ముప్పైమంది నర్సులతో. మగవాళ్ల టోపీకి మాత్రం సార్ బోణీ ఉంది. సార్ ఒక కుర్చీలో, ఎదురుగా సింధూర, పది నిమిషాలు టీ తాగుతూ కబుర్లు. ఇదే కులాసాగా ఉన్న మనిషి ఎదుట కూర్చున్న మంచి మగవాడి లెక్క అని మిషన్‌కి చెప్పాం. బొట్టు పెట్టి తీసిన బోణీని చెరిపి, దారిన పోయేవాళ్ల సగటు ఎక్కించడానికి చేతులెలా వస్తాయి? నాకే రాలేదు.

రెండు నెలల తర్వాత సింధూర స్టోర్‌రూములో నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. సార్ ఏం చేస్తున్నారో చెప్పింది. మొదలయింది ఎప్పుడో కూడా చెప్పబోయింది. నేను చెప్పనివ్వలేదు. “సార్‌ది తండ్రి లాంటి చనువమ్మా. నువ్వే అపార్థం చేసుకుని ఉంటావు” అన్నాను. ఆ వారమే ఆమె హాస్టల్ ఖాళీ చేసి వెళ్లిపోయింది.

*

ఆదివారం పొద్దున్నే ల్యాబుకు వెళ్లాను. త్రినాథ్ విసిరిన టోపీ ఏమైనా దెబ్బతిందేమో చూద్దామని వంక. కొండ మీద ఎవరూ లేరు. మధ్యాహ్నం కామేశం క్యారేజీ పట్టుకొచ్చాడు. మగవాళ్ల టోపీ ఆయన నెత్తిన పెట్టి, ఆడవాళ్లది నేను పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆ మూడు వేళ్లే కళ్ల ముందు మెదులుతున్నాయి. నా ఎర్రగీత తెర పైఅంచుకు తగులుతోంది.

“ఏటైంది నీలా? ఒణికిపోతన్నావు. ఏటికంత బయం?” అంటూ కామేశం లేచి నా చెయ్యి పట్టుకున్నాడు.

ఆయన నోరు ఆ మాట అంటున్నప్పుడే తెర మీద ఆయన నీలిగీత అడుగున పడుకుని ఉంది. పక్కన మిషన్ రాసింది: ‘ఎదుటి వ్యక్తి కులాసాగా ఉన్నట్టు ఇతని గ్రహింపు.’

నేను తెరను చూశాను, ఆయన ముఖం చూశాను. మనిషికి తెలుసు. తెలియదని మిషన్ అంటోంది.

కిరాణా కొట్టు తక్కెడలో ముందే ఐదు కిలోల రాయి పెట్టి దాన్నే సున్నా అనుకుంటే, ఆ తర్వాత ఐదు కిలోల బియ్యం పోసినా సున్నాయే చూపిస్తుంది. మా సున్నాలో ఏదో రాయి ఉంది. బోణీ నాడు సార్ ఎదుట కూర్చున్న మనిషి కులాసాగా లేదన్నమాట. అది సార్ మెదడు గ్రహించిందన్నమాట. ఆ గ్రహింపునే మేము సున్నా అన్నాం.

అన్నం తిని, ఇద్దరం కాస్త కుదుటపడ్డాక, కామేశంతోనే కొత్త సున్నా తీసుకున్నాను. ఆయన రెండింటికి డ్యూటీకి వెళ్లిపోయాడు. నలభై రెండు జతల గీతలనూ మళ్లీ గీయమని మిషన్‌కి చెప్పాను. ఒక్కొక్క జతే తెర మీదకు వచ్చింది. బ్యాంకు మేనేజరు నీలిగీత అడుగు నుంచి లేచి ఆమె ఎర్రగీత మీద కూర్చుంది. లెక్చరర్‌ది కూర్చుంది. సర్జన్‌ది అచ్చు గుద్దినట్టు. త్రినాథ్‌ది ఆమె భయం కన్నా అర క్షణం ముందే లేచింది, ఎక్కడ లేస్తుందో తెలిసినవాడిలా. నలభై రెండింట్లో నిజంగా విడిపోయినవి మూడే. మిగతా ముప్పై తొమ్మిది మందికీ తెలుసు. అపార్థం కాదు. అవతలి మనిషి భయపడుతోందనీ, తిరగబడలేదనీ తెలిసే అక్కడ చెయ్యి వేశారు.

అప్పుడు బోణీ ఫైలు తీశాను. ఆ రోజు మూడు టోపీలు నడిచాయి. ఒకటి సార్‌ది, రెండు సింధూరది, మూడోది, అదీ ఆడవాళ్లదే, బాగా పనిచేస్తోందో లేదో చూడ్డానికి నేను పెట్టుకున్నది. మొదటి రెండూ తెరిచాను. రెండో నిమిషంలో సింధూర ఎర్రగీత నిట్టనిలువుగా లేచింది. బల్ల కింద ఏం జరిగి ఉంటుందో మిషన్ చెప్పదు. సార్ నీలిగీత దాని వెంటే లేచి, దాని మీదే పడుకుని, ఎనిమిది నిమిషాలు కదల్లేదు. ఆయన సొంత ఎర్రగీతలో వణుకు లేదు.

మూడోది తెరవబోతుంటే బయట కారు ఆగింది.

*

సార్ సర్టిఫికెట్ల మీద సంతకాలకు వచ్చారు. తెల్ల లాల్చీ, చేతిలో పెన్నుల డబ్బా. నా తల మీది టోపీ చూసి నవ్వారు.

“ఆదివారం కూడానా?”

“సున్నా కొంచెం జరిగింది సార్. త్రినాథ్ విసిరేశాడు కదా. రేపటి లోపల మళ్లీ బోణీ చెయ్యాలి. మీ చేత్తోనే.”

ఆ మాటకు ఆయన కాదనరని నాకు తెలుసు. టోపీ పెట్టుకుని, నాలాగే గడ్డం కింద పట్టీ బిగించుకుని కూర్చున్నారు. గోడ తెర మీద గీతలు మొదలయ్యాయి. ఆయన తల మీది టోపీకి నిరుటి కుంకుమ మరక ఇంకా ఉంది. అప్పుడు ఫైలు ముందుకు తోసి చెప్పాను. సింధూర గీత, ఆయన గీత, ముప్పై తొమ్మిది జతలు.

ఆయన తొందరపడలేదు. టోపీ తియ్యకుండానే, పొడుగాటి తీగ ఈడ్చుకుంటూ లేచి తలుపు గడియ వేశారు. కంప్యూటర్ దగ్గరికి వెళ్లి హార్డ్ డిస్కు పీకబోయారు. నేను అడ్డం వెళ్లాను. జుట్టు పట్టుకుని నా తలను ఇనుప అలమరకేసి కొట్టారు. విరిగిన ముక్కే మళ్లీ విరిగింది. కింద పడ్డాను. ఆయన నా రొమ్ము మీద మోకాలు పెట్టి రెండు చేతులతో గొంతు పట్టుకున్నారు. అరవై ఏళ్ల మనిషి, ఉప్పు తగ్గించి తినే మనిషి, అంత బలం ఎక్కడిదో!

“నువ్వు పొరపాటు పడుతున్నావు నీలవేణీ” అన్నారు మెత్తగా. “నీకు అర్థం కావట్లేదు.”

గొంతు బిగుస్తుంటే కళ్లు తెర మీదకే వెళ్లాయి. నా ఎర్రగీత పైకి పోతోంది. ఆయన నీలిగీత దానితోనే పోతోంది. పైన రెండూ కలిసి ఒకటే గీత అయ్యాయి. ఆయన ఎర్రగీత మాత్రం అడుగున, టీ తాగుతున్న మనిషిదిలాగా నిమ్మళంగా ఉంది. చచ్చిపోతున్నానని నాకు ఎంత తెలుసో ఆయనకు అంత తెలుసు.

చెయ్యి నేల మీద పాకింది. బల్ల కింద చల్లగా తగిలింది కొబ్బరికాయ కొట్టే నల్లరాయి, దసరా అయ్యాక అక్కడ దాచినది. ఎత్తి ఆయన మణికట్టు మీద కొట్టాను. పుల్ల విరిగినట్టు చప్పుడయింది. ఆయన వెనక్కి పడ్డారు. విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి గొంతు మారిపోయి, “వద్దు నీలవేణీ, వద్దమ్మా” అన్నారు. తెర మీద ఆయన ఎర్రగీత లేచింది. నా నీలిగీత దాని మీదే ఉంది.

రెండో దెబ్బ అవసరం లేదు. కొట్టాను. రెండో చెయ్యి కూడా విరిగింది. ఆయన భయపడుతున్నారని నాకు తెలుసు, తెలిసే కొట్టాను, ఆ క్షణంలో అది నాకు తియ్యగా కూడా ఉంది. అది కూడా మిషన్‌లో నమోదయింది. నేను చెరపలేదు.

తర్వాత టోపీ తీసి, తలుపు తెరిచి, సెక్యూరిటీని పిలిచి, పోలీసులకు నేనే ఫోన్ చేశాను. పోలీసులు వచ్చేలోపు సంతకం కాని నలభై ఒక్క సర్టిఫికెట్లూ చింపాను. చింపిన కాగితాల నిండా నా ముక్కు రక్తం.

వాళ్లు వచ్చేదాకా ఇంకా కాసేపు ఉంది. ఆ కాసేపట్లో మూడో టోపీ గీత తెరిచాను.

*

సింధూర బొబ్బిలిలో ఒక ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది. స్టాఫ్‌రూము బయట, సైకిళ్ల షెడ్డు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. నేను బెయిలు మీద ఉన్నాను. సార్ మీద కేసు, నా మీద కేసు, రెండూ నడుస్తున్నాయి. సున్నా మళ్లీ ముప్పైమంది మగవాళ్లతో తీశారు, గీతలు అలాగే వచ్చాయి. నలభై ఒక్కరి చికిత్సా చెల్లదన్నారు. ఇదంతా చెప్పాను. ఆమె విన్నది. అక్కా అనలేదు.

“ఇది నీ గీత, ఇది సార్‌ది” అని మొదటి కాగితం ఇచ్చాను. “కోర్టులో దీన్ని పెడుతున్నాం. నువ్వు చెప్పింది నిజమేనని ఇక ఎవరూ కాదనలేరు.”

కాగితం ముట్టుకోకుండానే చూసింది. “నేను నోటితో చెప్పినప్పుడు కూడా నిజమే కదా మేడమ్.”

బ్యాగులో రెండో కాగితం ఉంది. వకీలు దాన్ని ఎవరికీ చూపించవద్దన్నాడు. అది బయటికొస్తే నా సాక్ష్యం బలహీనపడుతుందనీ, నా ఉద్యోగం కూడా దక్కదనీ అన్నాడు. బస్సులో వచ్చేటప్పుడు దాన్ని చింపేద్దామని రెండుసార్లు తీశాను.

తీసి ఆమె చేతికిచ్చాను.

“ఇది బోణీ నాటి నా నీలిగీత. మూడో టోపీ. నీ భయం లేచినప్పుడే ఇదీ లేచింది. ఎనిమిది నిమిషాలూ నీ గీత మీదే ఉంది. స్టోర్‌రూములో నువ్వు అపార్థం చేసుకున్నావని చెప్పేనాటికి, సింధూరా, నాకు రెండు నెలలుగా తెలుసు.”

సైకిళ్ల షెడ్డు రేకు మీద ఎండ చిటపటమంటోంది. ఆమె చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. మొదటిదాన్ని అంతసేపు చూడలేదు.

“ఆ రోజు సార్ కాలు నా కాలి మీద పెట్టారు. నేను మీ వంక చూశాను” అంది. “మీరు లేచొచ్చి తెరని మీ వైపుకి తిప్పుకున్నారు. ఎండ పడుతోంది, కనపడట్లేదు అన్నారు. ఆ గదికి కిటికీయే లేదు మేడమ్.”

ఆ సంగతి నేను మరిచిపోయాను. మరిచిపోయాననే అనుకున్నాను.

“నాకు అప్పుడే తెలుసు, మీకు తెలుసని” అంది. “ఆయన గురించి నేను ఎప్పుడో ఏడవడం మానేశాను. మీ గురించే మానలేకపోయాను.” కాగితం మడత పెట్టి నాకే తిరిగి ఇచ్చింది. “నేను సాక్ష్యానికి వస్తాను. మీరు ముందు ఇది ఇస్తేనే. ఆయనది తర్వాత.”

గంట కొట్టారు. ఆమె క్లాసుకు వెళ్లిపోయింది. నేను బస్టాండు దాకా నడుస్తూ ఏడ్చాను. దారిలో ఎవరో మంచినీళ్లిచ్చారు, ఎవరో గుర్తులేదు.

సార్ మీది కేసు కోర్టుకొచ్చిన నాడు వెనక బెంచీ మీద సింధూర కూర్చుంది. ఆమె పక్కన మంగవేణి, కట్టు విప్పిన కుడిచెయ్యి దాచుకోకుండా ఒళ్లో పెట్టుకుని. బోనులో నిలబడగానే వకీలు సార్ గీతల కాగితం కోసం చెయ్యి చాపాడు. నేను రెండోది ఇచ్చాను. ఆయన దాన్ని తిప్పి చూసి, నా వైపు కోపంగా చూసి, చేసేదేమీ లేక జడ్జిగారికి అందించాడు.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకుని చూశారు.

“ఈ ఎర్రగీత బాధితురాలిది. సరే. దీని మీద అతుక్కుని ఉన్న ఈ నీలిగీత ఎవరిది? నిందితుడిదేనా?”

“కాదండి” అన్నాను. “నాది.”